వంశవృక్షంలో లేని వాళ్లు

వారసత్వం గురించి మాట్లాడుకోవడానికి మన భాషలో మాటలకు కొదవ లేదు. పోలిక, రక్తం, వంశం, విత్తనం, కడుపు, పాలు. "విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా" అంటారు. "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అని కూడా అంటారు. ఈ రెండు సామెతల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. విత్తనం తండ్రిది. చేలో పడి మేసింది మాత్రం ఆవు. పిల్లవాడికి లెక్కలు బాగా వస్తే తాతగారి తెలివి, పిల్ల ఎదురు మాట్లాడితే అమ్మమ్మగారి పోలిక. సంతానోత్పత్తిని విత్తనంతో, నేలతో పోల్చే అలవాటు మీద లీలా దూబే 1986లో రాసిన వ్యాసం మనలో చాలామంది చదివే ఉంటారు. బిడ్డ ఎవరి బిడ్డ అన్నది విత్తనమే నిర్ణయిస్తుందనీ, నేల పని పోషించడం మాత్రమేననీ చెప్పే ఆ పోలిక ఆస్తినీ, పిల్లల మీద హక్కునీ ఎవరి చేతిలో పెడుతుందో ఆవిడ చూపించారు. దానికి మా ఇంటి అనుబంధం ఒకటుంది: పంట బాగుంటే విత్తనం గొప్ప, తెగులు పడితే నేల దోషం.

మా చెల్లికి 2021లో, నలభై ఒకటో ఏట, రొమ్ము కాన్సర్ అని తేలింది. చూడ్డానికి వచ్చిన వాళ్లందరూ పళ్లు బల్లమీద పెట్టి, కూర్చుని, కాసేపు ఆగి, అమ్మనే అడిగారు, "మీ వైపు ఎవరికైనా ఉందా వదినా?" అని. చెల్లి అత్తగారు అడిగారు. పక్కింటావిడ అడిగింది. చివరికి మా అన్నయ్య కూడా అడిగాడు. అమ్మ ప్రతిసారీ ఒకటే జవాబు చెప్పేది: మా అమ్మ ఎనభై ఎనిమిదేళ్లు బతికింది, మా అక్కచెల్లెళ్లు నలుగురూ లక్షణంగా ఉన్నారు, మా వాళ్లలో ఎవరికీ లేదు. కోర్టు బోనులో నిలబడి చెప్తున్నట్టు చెప్పేది. రాత్రిపూట మాత్రం నన్ను పిలిచి, "దానికి రెండేళ్లు పాలిచ్చానే, నా పాలల్లో ఏమన్నా ఉందంటావా?" అనేది. నాన్న వైపు ఎవరికైనా ఉందా అని ఆ ఆర్నెల్లలో ఒక్కళ్లూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు.

అడిగింది ఆసుపత్రిలో జన్యు సలహాదారు. పాతికేళ్లు దాటి ఉండవు ఆ పిల్లకి. యాభై ఏళ్లలోపు వచ్చింది కాబట్టీ, కణితికి హార్మోన్లకి స్పందించే గుణం లేదు కాబట్టీ జన్యు పరీక్ష చేయించమని డాక్టరు పంపారు. ఆ పిల్ల తెల్లకాగితం తీసుకుని ఆడవాళ్లకి గుండ్రాలు, మగవాళ్లకి చతురస్రాలు గీయడం మొదలుపెట్టింది. జబ్బు వచ్చిన వాళ్లని నల్లగా నింపాలి, పోయిన వాళ్ల మీద అడ్డగీత గీయాలి. అమ్మ వైపు గీయడం పది నిమిషాల్లో అయిపోయింది. "ఇప్పుడు నాన్నగారి వైపు చెప్పండి మేడమ్" అంది. "నాన్న వైపు కూడానా?" అంది చెల్లి. "సగం అటు నుంచే కదా మేడమ్ వచ్చేది" అంది ఆ పిల్ల, కాగితం మీంచి తలెత్తకుండా.

నాన్న 2014లో గుండెజబ్బుతో పోయారు. ఆయన వైపు మా దగ్గర అచ్చువేసిన వంశవృక్షమే ఉంది. హెడ్మాస్టరుగా రిటైరైన మా బాబాయి ఎంతో శ్రమపడి, ఊళ్లు తిరిగి, పాత దస్తావేజులు చూసి 1998లో తయారుచేశారు. ఏడు తరాలు, డెబ్బై ఒక్క పేర్లు. డెబ్బై ఒక్కరూ మగవాళ్లే. ఎవరి కడుపునా ఎవరూ పుట్టినట్టు లేదు. కొమ్మల్లోంచి కొమ్మలు వచ్చాయి, అంతే. బాబాయి చెడ్డమనిషి కాదు, మమ్మల్ని ఆయనే దగ్గర కూర్చోబెట్టుకుని చదివించారు. వంశవృక్షం అంటే అలాగే ఉంటుందని ఆయనకి తెలుసు, మనకీ తెలుసు. కానీ ఆ డెబ్బై ఒక్క చతురస్రాలు సలహాదారు కాగితానికి దేనికీ పనికిరాలేదు. ఆ పిల్లకి కావలసినవన్నీ గుండ్రాలు.

అందుకని తెనాలి దగ్గర పల్లెలో ఉన్న మా చిన్న మేనత్త దగ్గరికి వెళ్లాను. అప్పటికి ఆవిడకి ఎనభై ఆరేళ్లు. వినికిడి తగ్గింది గాని జ్ఞాపకం తగ్గలేదు. మా నాయనమ్మ ఎట్లా పోయిందత్తా అని అడిగితే ముందు, "కురుపేసి పోయిందిలే" అంది. ఎక్కడ కురుపు అంటే చెయ్యి పైటమీదికి తీసికెళ్లింది. మొదట కందికాయంత గడ్డ. తర్వాత పుండు. ఆకుపసర్లు కట్టారు, కాల్చిన సూదితో పొడిచారు. వాసన వస్తోందని వెనక వసారాలో పడుకోబెట్టారు. చంటివాడిగా ఉన్న బాబాయిని దగ్గరికి రానివ్వలేదు. మా నాన్నకి తొమ్మిదేళ్లు. "అన్నం పెట్టేసి వచ్చేవోళ్లం. పుండు కడిగింది నేనూ అక్కయ్యా. మొగోళ్లకెట్టా తెలుస్తదే?" అంది. నాయనమ్మ వయసెంతో ఏ కాగితంలోనూ లేదు. అత్త లెక్క వేరు: "నేను సమర్తాడిన ఏడు. నా వెనక ఇద్దరు పోయినాక తమ్ముడు, వాడు నడిచే ఈడు". ఆ లెక్కలన్నీ కూడితే ముప్పై ఆరు, ముప్పై ఏడు వచ్చింది. నాయనమ్మ చెల్లెలికీ అదే కురుపు. పెద్ద మేనత్త కడుపులో నీళ్లు చేరి పోయిందని మాకు తెలుసు, లివరనుకున్నాం. ఎన్నిసార్లు నీళ్లు తీశారో, పొత్తికడుపు దగ్గర గడ్డ ఎట్లా చేతికి తగిలేదో అత్త చెప్తుంటే నేను నోట్సు రాసుకున్నాను. సాహిత్యం పాఠాలు చెప్పుకునే నాకు అంత భయంగా నోట్సు రాసుకోవడం అదే మొదలు. హైదరాబాదు వచ్చాక సలహాదారు ఏమీ మాట్లాడకుండా మూడు గుండ్రాలు నల్లగా నింపింది. మూడోదాని కింద అండాశయం అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

తర్వాత చదువుతుంటే అర్థమైంది, ఈ జబ్బు వారసత్వాన్ని కనిపెట్టింది కూడా ఇలాంటి గుండ్రాల మీదే అని. ఫ్రాన్సులో పాల్ బ్రోకా అనే డాక్టరు 1866లోనే తన భార్య పుట్టింటి ఆడవాళ్ల చావులు నాలుగు తరాలు వరసగా రాసి పెట్టాడు. ఆ తర్వాత వందేళ్లు పైగా అది వింతగానే మిగిలింది. అమెరికాలో మేరీ-క్లెయిర్ కింగ్ 1974లో ఈ పని చేపట్టేనాటికి రొమ్ము కాన్సర్‌కి ఒక జన్యువు కారణం కావచ్చనడం చాలామంది శాస్త్రవేత్తలకి అమాయకపు ఆలోచనగా కనిపించింది. ఆవిడ అంతకుముందే అలన్ విల్సన్ దగ్గర పరిశోధన చేసి, చింపాంజీ ప్రొటీన్లూ మన ప్రొటీన్లూ 99 శాతం ఒకటేనని చూపించారు. 1975లో అచ్చయిన ఆ వ్యాసంలో ఇంకో మాట కూడా ఉంది. వాళ్లకీ మనకీ ఉన్న ఇంత తేడా జన్యువులు ఏవి ఉన్నాయన్న దానిలో కన్నా, అవి ఎప్పుడు, ఎంత పనిచేస్తాయన్న దానిలోనే ఉండాలి అని. అలాంటి మనిషి తర్వాత ఏళ్ల తరబడి కుటుంబాల వెంట పడ్డారు. 23 కుటుంబాలు, 146 మంది రోగులు. అన్నీ కలిపి చూస్తే ఏమీ తేలలేదు. జబ్బు ఏ వయసులో వచ్చిందన్న వరసలో కుటుంబాలని పేర్చి చూస్తే, చిన్న వయసులో వచ్చిన కుటుంబాలన్నీ పదిహేడో క్రోమోజోములో ఒకే చోటుని చూపించాయి. అది 1990. ఏ వయసులో వచ్చిందన్నదే కీలకం అని చదివినప్పుడు మా అత్త సమర్త లెక్క గుర్తొచ్చింది.

ఆ చోటు ఎలా దొరికిందో కొంచెం చెప్పాలి. మనకి ప్రతి క్రోమోజోమూ జతగా ఉంటుంది, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు ఆ జత పక్కపక్కన చేరి ముక్కలు మార్చుకుంటుంది. అందుకు ముందు కణం తన డీఎన్ఏని తానే కావాలని తెంపుకుంటుంది, తర్వాత అతుక్కునేటప్పుడు అటు ముక్క ఇటు, ఇటు ముక్క అటు పోతాయి. తెగకపోతే మార్పిడి లేదు, మార్పిడి లేకపోతే జతలు సరిగ్గా విడిపోవు. పేకముక్కలు కలిపినట్టే. దూరంగా ఉన్న ముక్కలు విడిపోతాయి, పక్కపక్కనున్నవి చాలా కలుపుళ్ల దాకా కలిసే ఉంటాయి. జబ్బుతో పాటు తరతరానా కలిసి వస్తున్న గుర్తు ఏది అని వెతికితే, జబ్బు ముక్క దాని పక్కనే ఉందన్నమాట. ఇంకో సంగతి చదివి నేను చాలాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను. ఆడవాళ్లలో ఈ మార్పిడి పుట్టకముందే జరిగిపోతుందట. నేను పుట్టిన అండంలో అమ్మమ్మ ముక్కలూ తాతయ్య ముక్కలూ కలిసింది, అమ్మ ఇంకా అమ్మమ్మ కడుపులో ఉండగానే. వంశవృక్షాలు రాసేవాళ్లు ఇది ఎక్కడ రాస్తారు?

1994లో ఆ జన్యువు అక్షరాలతో సహా దొరికింది, బీఆర్‌సీఏ1 అన్నారు. మరుసటేడు పదమూడో క్రోమోజోము మీద రెండోది కూడా. యూటా రాష్ట్రంలోని మిరియడ్ కంపెనీ పేటెంట్లు తీసుకుని ఆ పరీక్షని తన గుప్పిట్లో పెట్టుకుంది. ప్రకృతిలో ఉన్న డీఎన్ఏని వేరుచేసినంత మాత్రాన అది ఎవరి సొత్తూ కాదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పడానికి 2013 దాకా పట్టింది. అదంతా వేరే వ్యాసం. నాకు మింగుడు పడనిది ఆ పేరు. రొమ్ము కాన్సర్ అన్న ఇంగ్లీషు మాటల్లోంచి అక్షరాలు ఏరి పేరు పెట్టారు. అందుకే అందరూ "ఆవిడకి కాన్సర్ జన్యువు ఉందట" అంటారు. ఆ జన్యువు అందరికీ ఉంటుంది. మీకుంది, మీ ఆయనకుంది, కూరగాయలబ్బాయికుంది. దాని పని మరమ్మతు.

ఒక్కో కణంలో రెండు మీటర్ల పొడవు డీఎన్ఏ, ప్రొటీన్ ఉండల చుట్టూ దారంలా చుట్టుకుని, కంటికి కనపడనంత గదిలో సర్దుకుని ఉంటుంది. దానికి రోజుకి పదివేలకు పైగా దెబ్బలు తగులుతాయి. ఎండ వల్ల, పొగ వల్ల, మనం తీసుకునే ఊపిరి వల్ల కూడా. చాలావరకు ఒక పోగుకి తగిలే చిన్న దెబ్బలు, వాటిని సరిచేసే ఏర్పాట్లు వేరే ఉన్నాయి. రెండు పోగులూ ఒకేచోట తెగడం పెద్ద ప్రమాదం. అప్పుడు బీఆర్‌సీఏ ప్రొటీన్లు రంగంలోకి దిగుతాయి. తెగిన దాని పక్కనే తయారై ఉన్న మంచి ప్రతిని వెతికి, దాన్ని చూస్తూ, పోయిన అక్షరాలు తిరిగి రాయిస్తాయి. అవి లేకపోతే కణం ఊరుకోదు, ఏ కొసకి ఏ కొస దొరికితే దానికి అతికేస్తుంది. అలా అతుకులు తప్పిపోతూ పోతూ ఉంటే ఎప్పుడో ఒక కణం అదుపు తప్పుతుంది. అండం, వీర్యం తయారయ్యేటప్పుడు జరిగే మార్పిడికీ ఇంచుమించు ఈ పనిముట్లే. తెగడం, అతకడం, ఇచ్చిపుచ్చుకోవడం మూడూ ఒకే పనివాళ్ల చేతిలో ఉన్నాయి.

చెల్లి రిపోర్టులో ఉన్నది రెండు అక్షరాల లోపం. మూడు వందల కోట్ల అక్షరాల్లో ఒక ఏ, ఒక జీ ఊడిపోయాయి. పాత లెక్కలో 185వ అక్షరం దగ్గర. యూదు కుటుంబాల్లో ఎక్కువగా కనిపించే ఈ మార్పు దక్షిణాది కుటుంబాల్లోనూ ఉందని పరిశోధకులు చాలాకాలంగా రాస్తున్నారు. రెండు అక్షరాలకే ఇంతా అని చెల్లి అడిగితే తెలుగు టీచర్ని కదా, ఇలా చెప్పాను. కణం డీఎన్ఏని మూడేసి అక్షరాలుగా చదువుతుంది. "సరళ పలక కడిగి పెట్టెలో దాచింది" అనుకో. రెండో మాటలో 'లక' తీసేసి మళ్లీ మూడేసి చదువు: "సరళ పకడి గిపెట్టె లోదాచిం ది". తీసింది రెండే, ఆ తర్వాత ఒక్క మాట మిగల్లేదు. 1863 ముక్కలుండాల్సిన ఆ ప్రొటీన్ ఈ మార్పుతో 38 ముక్కలకే ఆగిపోతుంది. చెల్లి నవ్వింది. కీమో మొదలయ్యాక అది నవ్వడం నేను చూడలేదు.

జతలో రెండోది బాగానే ఉంటుంది కాబట్టి చాలా ఏళ్లు పని గడుస్తుంది. ఏదో ఒక కణంలో ఆ రెండోది కూడా పాడైతే అప్పుడు మొదలు. పాడవడం అంటే అక్షరాలు పోవడమే కానక్కర్లేదు, కొన్ని కణితుల్లో జన్యువు చెక్కుచెదరకుండా ఉండి కూడా దానిమీద రసాయనపు ముద్రలు పడి నోరు మూతపడుతుంది. చెల్లికి ఏడాదిపాటు ఇచ్చిన ఓలాపరిబ్ మాత్రలు ఈ బలహీనతనే ఆసరా చేసుకుంటాయి. అసలు మరమ్మతు పోయిన కాన్సర్ కణం ఇంకో చిన్న మరమ్మతు దారి మీద ఆధారపడి బతుకుతుంటుంది. ఆ దారి కూడా మూసేస్తే చచ్చిపోతుంది, పక్కనున్న మంచి కణం బతుకుతుంది. ప్రయోగశాలలో దీన్ని 2005లో చూపించారు. 2022లో చెల్లి అండాశయాలు కూడా తీయించుకుంది. ఆ సంగతి దాని అత్తగారింట్లో గర్భసంచి ఆపరేషనని చెప్పుకున్నారు, ఆ మాటైతే మన ఇళ్లలో అందరికీ అలవాటే కాబట్టి.

ఇక మిగిలిన వాళ్లు పరీక్ష చేయించుకోవాలి. నాన్న లేరు. అమ్మ తనంతట తానే చెయ్యి చాపింది, "ముందు నాది తియ్యండి" అని. డెబ్బై నాలుగేళ్ల మనిషి, సూది చూస్తే మొహం తిప్పుకునే మనిషి. మూడు వారాలకి కాగితం వచ్చింది: ఆ మార్పు లేదు. నేను గట్టిగా చదివి వినిపించాను. వచ్చి అడిగిన వాళ్లందరికీ ఫోన్లు చేసి చెప్పాలని ఉంది నాకు. అమ్మ కాగితం తీసుకుని మడతపెట్టి పట్టుచీరెల కింద పెట్టింది. "మీ నాన్న ఉండుంటే ఇది చూపించేదాన్ని కాదు" అంది. కాసేపటికి, "అయితే మా అత్తగారు మరీ అంత చిన్నతనంలో పోయిందన్నమాట పాపం" అంది. పెళ్లినాటికే గోడమీద ఫోటో అయిపోయిన అత్తగారి గురించి అమ్మ అలా అనడం అదే మొదటిసారి.

నాకూ లేదు. నాన్నకి పదిహేడో క్రోమోజోము ఒకటి నాయనమ్మ నుంచి, ఒకటి తాతయ్య నుంచి. ఆ చోట చెల్లికి నాయనమ్మ ముక్క వచ్చింది, నాకు తాతయ్యది. ఎవరికి వస్తుందన్నది బొమ్మా బొరుసే. ఆడపిల్లకీ మగపిల్లాడికీ ఒకటే వాటా. ఆస్తిలో ఆ మాట వినడానికి మన రాష్ట్రంలో చట్ట సవరణ దాకా ఆగాల్సి వచ్చింది గాని, క్రోమోజోములు ఎవర్నీ అడగలేదు. ఏంజెలీనా జోలీ 2013లో తన ఆపరేషను గురించి రాసినప్పుడు మన పత్రికల్లో కూడా బోలెడు వచ్చింది. ఆవిడకి తల్లి నుంచి వచ్చింది కాబట్టి ఇది తల్లి నుంచి కూతురికే వచ్చే జబ్బని స్థిరపడిపోయింది. మా ఇంట్లో అయితే ఇంటిపేరుతో పాటే వచ్చింది. ఇంటిపేరు గురించి మాత్రం ఎవరూ అమ్మని అడగరు.

"మ్యుటేషన్" అని నేను చెప్పగానే బాబాయి పట్టాదారు పాసుపుస్తకం అనుకున్నారు. ఆయనకి తెలిసిన మ్యుటేషన్ పొలం ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకి మారడం. ఇది కూడా అలాంటిదే బాబాయ్, నాయనమ్మ పేర ఉన్నది చెల్లి పేరుకి మారింది అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అమ్మ మొహం తనకి గుర్తులేదనీ, వసారాలో వాసన మాత్రం గుర్తుందనీ అన్నారు. తర్వాత, మనవరాలికి సంబంధాలు చూస్తున్నాం, ఇది మనింట్లోనే ఉండనివ్వండమ్మా అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. అర్థమయ్యే, ఆయన కూతుళ్లిద్దరికీ నేనే ఫోన్ చేశాను. పెద్దది పరీక్ష చేయించుకుంది, దానికి లేదు. చిన్నది ఆ తర్వాత నా ఫోన్ ఎత్తడం మానేసింది. అన్నయ్య అసలు చేయించుకోనన్నాడు. మగవాడికి రొమ్ము కాన్సరేమిటి, ఉన్నా నాకేం చేస్తుంది అన్నాడు. మగవాళ్లకీ కొంత ప్రమాదం ఉంటుందని చెప్పాను. "చూద్దాంలే" అన్నాడు. అన్నయ్యకి ఒక్కతే కూతురు.

ఇలా నాలుగు గుండ్రాలతో కుస్తీపడుతున్న రోజుల్లోనే మేరీ-క్లెయిర్ కింగ్ చేసిన ఇంకో పని గురించి చదివాను. అర్జెంటీనాలో 1976 నుంచి 1983 దాకా సైనిక ప్రభుత్వం యువతీయువకుల్ని మాయం చేసింది, వాళ్ల పసిపిల్లల్ని, జైళ్లలో పుట్టిన వాళ్లని కూడా, వేరే కుటుంబాలకి పంచేసింది. దాదాపు ఐదు వందల మంది. వాళ్ల అమ్మమ్మలూ నాయనమ్మలూ 1977లో సంఘం పెట్టుకున్నారు. మధ్యతరం హత్యకి గురైంది కదా, పిల్లవాడికీ తనకీ ఉన్న చుట్టరికాన్ని ఒక ముసలావిడ కోర్టులో ఎలా రుజువు చెయ్యాలి? కింగ్ 1984లో అక్కడికి వెళ్లారు. తల్లి నుంచి మాత్రమే పిల్లలకి వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ ఉంటుంది, అది మార్పిడిలో కలవదు. అమ్మమ్మది తల్లికి, తల్లిది బిడ్డకి యథాతథంగా వస్తుంది. తల్లి లేకపోయినా అమ్మమ్మ చాలు. ఇప్పటికి 130 మందికి పైగా మనవలు దొరికారు. ఒకే మనిషి ఒక చోట ఆడవాళ్ల వరసని పట్టుకుని దొంగిలించిన పిల్లల్ని వెతికింది, ఇంకో చోట ఆడవాళ్ల చావుల వరసని పట్టుకుని జన్యువుని వెతికింది. చెల్లి ఇది విని, "మరి మనకి నాయనమ్మ వాళ్లమ్మ పేరన్నా తెలీదే" అంది. నిజమే. చిన్న మేనత్తని అడిగాను. "అమ్మమ్మనే పిలిచేవోళ్లం, పేరెవరికి తెలుసు" అంది. ఆవిడ కిందటేడు పోయింది.

ఈ వేసవిలో ఒక రాత్రి డల్లాస్ నుంచి అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. దానికి ఇరవై నాలుగు. ఎవరు చెప్పారో చెప్పలేదు, నేనూ అడగలేదు. "అత్తా, నేను టెస్టుకి అపాయింట్‌మెంట్ తీసుకున్నా. కానీ నాకు ఉందని తేలితే నాన్నకీ ఉన్నట్టే కదా? ఆయన తెలుసుకోనన్నది నేను తెలుసుకున్నట్టు అవుతుంది కదా?" అంది. అవుతుంది అన్నాను. లేదని వస్తే నాన్న గురించి ఏమీ తెలియనట్టే కదా అంది. అవును అన్నాను. కాసేపు ఎవరం మాట్లాడలేదు. వెనక దాని రూమ్మేట్ గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. చివరికి, "సరే, రాసుకుంటా చెప్పు. తాతయ్య వాళ్లమ్మకి గడ్డ కనపడ్డప్పుడు ఎన్నేళ్లు?" అంది.

చెప్పాను.